మీసం లేని మామ

కరోనా సోకిన ఇల్లని గేటుకు అడ్డంగా కార్పొరేషన్ వాళ్లు రేకు కొట్టేసి వెళ్లడం దగ్గర కిందటి వారం మనం ఆగాం. అంతకు కాసేపటి ముందే చెన్నియప్పన్‌ని అంబులెన్సు ఎక్కించారు. ఎక్కించారు అనడం కూడా తప్పే. పట్టుకోబోయిన ఆసుపత్రి మనిషి చేతిని విదిలించి, ఆయాసపడుతూనే ఆయన తనంతట తాను ఎక్కాడు. ఎక్కి, వీధివైపు ఒకసారి తిరిగి, మీసం సవరించుకున్నాడు. కోయంబత్తూరు గణపతి ప్రాంతంలో మోటారు పంపులకు లేత్ పట్టేవాళ్లలో ఆ మీసం తెలియనివాళ్లు లేరు. తలుపు మూసుకుంది. బండి కదిలింది.

ఇప్పుడు రేకుకు ఇవతల ముగ్గురు మిగిలారు. ఆయన భార్య మరగదం, కొడుకు ఇళంగో, కోడలు కయల్‌విళి. ఎవరికీ జ్వరం లేదు, అయినా అధికారులు చెప్పేదాకా గడప దాటకూడదు.

కయల్‌కి చెవులు వినబడవు. ఏడేళ్ల వయసులో మెదడుకు పాకిన జ్వరం ప్రాణాన్ని వదిలిపెట్టి వినికిడిని పట్టుకుపోయింది. అప్పటికే మాటలు వచ్చు గనక మాట నిలిచింది. కానీ తన గొంతు తనకే వినబడదు కాబట్టి అది ఎత్తుపల్లాలు లేకుండా వస్తుంది. బజారులో నవ్విన ముఖాలు చూసీ చూసీ ఇల్లు దాటితే నోరు విప్పడం మానేసింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఇళంగో ఆమె వెంటపడి తిరిగిన రోజుల్లోనే సైగలన్నీ నేర్చేశాడు. మరగదం కూడా పెళ్లయిన కొత్తలో ఉప్పు, పప్పు, నీళ్లు అంటూ మొదలుపెట్టి, ఇప్పుడు పక్కింటివాళ్ల మీద చాడీలు సైతం చేతుల్తోనే చెప్పేదాకా వచ్చింది.

పేచీ అంతా మామగారితోనే. ఆయన మీసం పైపెదవిని దాటి కిందిపెదవి మీద వాలి ఉండేది. దాని వెనక ఏ మాట పుడుతోందో ఎవరికి తెలుసు? రెండేళ్లుగా ఆయన ఎదురుపడ్డప్పుడల్లా ఆ మీసం కదిలేది. కనుబొమలు కూడా ముడిపడేవి. చెవిటి పిల్లను తెచ్చాడు నా కొడుకు అని తిడుతున్నాడనే కయల్ అర్థం చెప్పుకుంది. ఏమన్నారని అడిగే ధైర్యం లేక తలవంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ ఏడు ఊరంతా ఫోన్లోకి కాపురం మార్చింది. పిల్లల బళ్లు, పెళ్లిచూపులు, కర్మలు, కూరల బేరాలు అన్నీ అందులోనే. కయల్‌కి మాత్రం ఇది కొత్త కాదు. ముఖం కనబడే ఫోన్లు వచ్చిన నాటినుంచి ఆమె స్నేహితురాళ్లంతా ఒకరి చేతులొకరు చూసుకుంటూ అందులోనే కబుర్లాడుకునేవాళ్లు. "ఎప్పుడు చూసినా ఆ అద్దం ముందేనా?" అని విసుక్కున్న మరగదమే ఇప్పుడు ఫోను పట్టుకుని కోడలి వెనక తిరుగుతోంది. "ఏమ్మా, నా మొహం సగమే కనబడుతోందట. మిగతా సగం ఎక్కడ నొక్కాలి?" ఎదురింటి పాట్టి, ఆ ముసలమ్మ అయితే మేడమీద నుంచి ఫోను ఊపి చూపించేది, నల్లబడిపోయిందని. కయల్ ఇటునుంచి చేతులతోనే చెప్పేది: పక్కనున్న మీట, గట్టిగా, వదలకుండా. పాట్టి ముఖం వెలిగిందంటే ఫోను వెలిగినట్టు లెక్క. పొద్దున పూట ఆమె తన బధిరుల బడి పిల్లలకు లాప్‌టాప్ ముందు కూర్చుని పాఠం చెప్పేది. మధ్యాహ్నం ఆ లాప్‌టాప్ ఇళంగోది. లేత్ షెడ్డు మూతబడ్డాక పంపుల ఆర్డర్లన్నీ దానిలోనే చూసుకోవాల్సి వచ్చింది.

బయట మాత్రం అందరి నోళ్లూ గుడ్డల వెనక్కి పోయాయి. రేకు మీదుగా పాలపాకెట్లు అందించే మనిషి నవ్వుతున్నాడో కసురుతున్నాడో ఆమెకు తెలిసేది కాదు. "ఊరంతా మామలాగే అయిపోయింది," అని ఒకరోజు సైగ చేస్తే, ఇళంగో పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫోన్లో ఒక్కచోటే మనుషులకు ఇంకా నోళ్లున్నాయి.

వార్డులోకి ఎవరినీ రానివ్వరు. సాయంత్రం కాఫీ వేళకు నర్సు తన ఫోన్లోంచి రోగిని చూపించాలని ఏర్పాటు. నిన్నా మొన్నా లైను కలవలేదు. ఇవాళ కలిసింది. పెద్దగా కనబడుతుందని కయల్ లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద పెట్టింది. ఈరోడ్ నుంచి ఆడపడుచు సుగుణ కూడా తెరలో ఒక మూలన చేరింది.

ముందుగా తెల్లటి ముసుగు మనిషి కనబడింది. గుండె మీద స్కెచ్ పెన్నుతో 'జెసింత' అని రాసి ఉంది. ఆమె ఫోను మంచం వైపు తిప్పింది.

మంచం మీద ఎవరో ముసలాయన. ముఖం పీక్కుపోయి ఇంతే ఉంది. ముక్కునూ నోటినీ కలిపి గాజులాంటి మాస్కు బిగించి ఉంది.

"అయ్యో, ఇంకెవరినో చూపిస్తున్నావు తల్లీ," అంది మరగదం. "మా ఆయన పెద్ద మీసాలాయన. చెన్నియప్పన్. పక్క మంచం చూడు."

ముసలాయన కుడిచెయ్యి ఎత్తి మాస్కు మీద, పైపెదవి దగ్గర తడుముకున్నాడు. చూపుడువేలి కొస ఎప్పుడో లేత్ కింద పోయిన చెయ్యి అది. మరగదం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ! మీసమేదండీ?"

నర్సు తెర మీద టైపు చేసింది: 'మాస్కు సరిగ్గా అతుక్కోవాలని తీసేశాం. ఒప్పుకోవడానికి నిన్న రోజంతా పట్టింది.'

చెన్నియప్పన్ ఏదో చెబుతున్నాడు. అది ఇక్కడెవరికీ వినబడడం లేదని వాళ్ల ముఖాలు చూసి కయల్ గ్రహించింది. ఇళంగో చెవిని తెరకు ఆనించేశాడు. సుగుణ మూలన అరుస్తోంది: "నాన్నా, గట్టిగా చెప్పండి! ఆ మెషిన్ హోరు తప్ప ఏమీ రావడంలేదు!" మరగదం కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆయనకూ ఏదీ వినబడుతున్నట్టు లేదు.

కయల్ వెనకాల నిలబడి ఆయన్నే చూస్తోంది. ఊపిరి వదిలినప్పుడు మాస్కు లోపల మంచు పట్టేస్తోంది. పీల్చినప్పుడు తేటపడుతోంది. తేటపడిన ప్రతిసారీ రెండు పెదాలు కనబడుతున్నాయి. సన్నటివి, ఎడమవైపు కాస్త వంపు తిరిగినవి. అచ్చం ఇళంగో పెదాలు. ఈ లోకంలో ఆమె అందరికన్నా తేలిగ్గా చదవగలిగిన పెదాలు.

ఆమెకు తెలియకుండానే నవ్వు వచ్చింది.

"అత్తా," అంది తన చదునైన గొంతుతో, "దోసెల పిండి ఫ్రిజ్‌లో పెట్టావా, పులిసిపోతుంది, అంటున్నారు మామ."

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు. సుగుణ తెరలోంచే తిరిగింది.

"ఏమిటీ? ఊపిరాడక పడుకున్న మనిషి దోసెల పిండి గురించా?" ఆమె పెదాలు కోపంలో బిగుసుకుని పలకడం వల్ల మాట ఇంకా స్పష్టంగా తెలిసింది. "చూడు కయల్, అమ్మను ఊరడించాలని నువ్వు కల్పించి చెబుతున్నట్టున్నావు. నీ మంచితనం నాకు తెలుసు. కానీ ఇలాంటప్పుడు వద్దమ్మా. నాన్న ఏం చెప్పాలనుకుంటున్నారో ఏమో."

"కల్పించలేదు వదినా. కనబడుతోంది."

"రెండేళ్లుగా కనబడనిది ఇవాళ కనబడుతోందా?"

"రెండేళ్లుగా మీసం ఉంది."

ఇళంగో చప్పున తలెత్తి భార్యను చూశాడు. అతనికి అర్థమైంది. సుగుణకు కాలేదు.

"మా నాన్న నాకు తెలుసు. ఆయన పిండి గురించీ పచ్చడి గురించీ మాట్లాడే మనిషి కాదు. షెడ్డు, మోటారు, కూలీలు, అంతే. అమ్మతో పట్టుమని పది మాటలు మాట్లాడగా మేమెప్పుడూ చూళ్లేదు."

కయల్ మళ్లీ తెరవైపు చూసింది. మాస్కు తేటపడింది. పెదాలు కదిలాయి. మళ్లీ మంచు. మళ్లీ తేట. ఆమె నుదురు ముడిపడింది.

"ఏమంటున్నారే?" అంది మరగదం.

"ఒక మాట తెలియడం లేదత్తా. ఎవరినో పిలుస్తున్నారు. 'చిట్టూ, నువ్వు పక్కన లేకపోతే నిద్ర పట్టడంలేదు' అంటున్నారు. చిట్టు ఎవరు?"

మరగదం మోచెయ్యి తగిలి బల్లమీది కాఫీగ్లాసు ఒలికింది. తుడవాలన్న ధ్యాస కూడా లేదామెకు. చెవుల దాకా ఎర్రబడి, కొంగు మెడచుట్టూ లాక్కుని, కొడుకు మొహం గానీ కూతురి మొహం గానీ చూడలేక గోడనున్న కాలెండరు వైపు తిరిగింది.

"అమ్మా?" అన్నాడు ఇళంగో.

"ఊరుకో."

"అమ్మా, చిట్టు అంటే నువ్వేనా?"

"ఊరుకోమన్నానా! పెళ్లయిన కొత్తలో... సన్నగా ఉండేదాన్ని. చిట్టు పిచ్చుకలా ఉన్నావని..." కొంగు కొస నలిపింది. "మీ ఎవ్వరి ముందూ ఎప్పుడూ పిలవలేదు. తలుపు వేశాక తప్ప." ఆ మాట నోరుజారి వచ్చేసరికి ఇంకా ఎర్రబడింది.

తెరమీద సుగుణ కాసేపు కదలకుండా ఉంది. లైను ఆగిపోయిందేమో అనుకున్నారు. ఆగలేదు. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"కయల్," అంది నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ, "ఇంకా ఏమంటున్నారో చూడమ్మా. నేను మాట్లాడను."

అంతలో నర్సు మళ్లీ టైపు చేసింది: 'అయ్య ఏమీ తినడంలేదు. బోర్లా పడుకుంటే ఊపిరి బాగా అందుతుంది, పడుకోమంటే వినడంలేదు. మీరైనా చెప్పండి.'

ఇళంగో అరిచాడు. సుగుణ ఇందాకటి మాట మరిచి తానూ అరిచింది. చెన్నియప్పన్ చెవి దగ్గర అరచెయ్యి ఊపి, ఏమీ వినబడడంలేదన్నాడు. నలభై ఏళ్లు లేత్‌ల మధ్య బతికిన చెవులు. ఇంటిదగ్గరే టీవీ వీధి చివరిదాకా వినబడేలా పెట్టేవాడు. ఇక ఆ యంత్రం పక్కన ఏం వినబడుతుంది?

కయల్ బల్ల ముందుకొచ్చి మరగదాన్ని మెల్లగా పక్కకు జరిపి కూర్చుంది. రెండేళ్లలో ఆయన ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు. చేతులెత్తింది. ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపి, ఆయనవైపు వేలు చూపింది. తరవాత అరచేతిని బోర్లా తిప్పి మంచం మీద పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టింది.

చెన్నియప్పన్ ఆ చేతుల్నే చూశాడు. చూసి, తన చెయ్యి ఎత్తి, రెండు వేళ్లు అడ్డంగా తిప్పి గాల్లో నరికినట్టు దించాడు.

"అది షెడ్డు సైగ!" అన్నాడు ఇళంగో. "మోటారు పట్టా తెగింది, పని ఆగింది అని. మెషిన్లు తిరుగుతుంటే మాట వినబడదు కదా. షెడ్డులో అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. నాన్న రోజంతా అలాగే..." ఇంత దగ్గరి సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తన నుదురు తానే కొట్టుకున్నాడు.

కయల్ తల అడ్డంగా ఊపింది. పట్టా తెగలేదు. తినాలి.

'నోటికి రుచి లేదు,' అన్నాయి పెదాలు.

రుచి లేకపోయినా తినాలి.

ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

ఆమెకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అది భయం నుంచి వచ్చిన కోపమని ఆమెకు తెలుసు. అయినా ఆపుకోలేదు. ఆయన మళ్లీ ఇటు చూసేదాకా తెరముందు చెయ్యి ఊపి, నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది.

"నామీద కోపముంటే ఇంటికొచ్చి చూపించండి మామా! ఎంతైనా తిట్టండి. రెండేళ్ల నుంచీ తిడుతూనే ఉన్నారు కదా. ఇప్పుడు మాత్రం తినండి."

ఇళంగో కంగారుగా ఆమె భుజం పట్టుకున్నాడు. చెన్నియప్పన్ కనుబొమలు ముడిపడ్డాయి, ఎప్పటిలాగే. కానీ ఈసారి కింద పెదాలు కూడా కనబడుతున్నాయి. అవి కోపంగా లేవు.

'తిట్టానా? ఎవరిని?'

"నన్ను. రోజూ. నేను ఎదురొస్తే చాలు."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. జెసింత పరుగున వచ్చి వీపు నిమిరింది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. అప్పుడు ఆయన ఒక్కో మాటా, మాస్కు తేటపడే తీరిక చూసుకుంటున్నట్టుగా పలికాడు. కయల్ పైకి చెప్పడం మరిచిపోయింది. ఇళంగో గిల్లితే గుర్తొచ్చి చెప్పసాగింది.

"'తిన్నావా అమ్మా... అని అడిగేవాణ్ని... రోజూ. నువ్వు... బదులు చెప్పకుండా... వెళ్లిపోయేదానివి. చదువుకున్న పిల్ల... పొగరు... అనుకున్నా.'"

మరగదం ఆమె తల మీద చెయ్యి వేసింది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు," అంది.

చెన్నియప్పన్ ఇంకా అయిపోలేదన్నట్టు వేలు పైకెత్తాడు. రెండు వేళ్లు కలిపి, కంటి పక్కన పెట్టుకుని, నీళ్లలో చేప ఈదినట్టు మెల్లగా కదిపాడు.

అది కయల్ పేరు: కయల్ అంటే చేప, విళి అంటే కన్ను. బడిలో చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్లు పెట్టిన సైగ పేరు. ఇళంగో ఆమెను అలాగే పిలుస్తాడు. మామగారికి ఎవరూ నేర్పలేదు. అరుగుమీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నట్టే ఉండి, ఆ కళ్లు ఇన్నాళ్లూ పేపరు అంచు మీదుగా లోపలికే చూస్తున్నాయన్నమాట.

కయల్ మళ్లీ ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చూపింది.

ఆయన నర్సు వైపు తిరిగి నోరు తెరిచాడు. జెసింత మాస్కు తీసి, ముక్కుకు సన్నని గొట్టం తగిలించి, గంజి పట్టింది. మొదటి చెంచాకు మొహం చిట్లించాడు. 'ఉప్పు లేదు,' అన్నాయి పెదాలు. కయల్ ఆ మాట చెప్పేసరికి మరగదం కన్నీళ్ల మధ్యనే పకపకా నవ్వింది. సగం గిన్నె అయ్యాక ఆయన తానే చెయ్యి బోర్లా తిప్పి చూపించి, నర్సు సాయంతో బోర్లా తిరిగాడు. దిండుమీద చెంప ఆనించి, ముఖం ఇటువైపే పెట్టుకున్నాడు.

"కయల్," అంది సుగుణ, "నిన్ను..." అంతే, ఫోన్లో చార్జి అయిపోయినట్టుంది, ఆమె ఉన్న మూల నల్లబడిపోయింది. రేకు దగ్గర కూరగాయల మనిషి కేకేశాడేమో, ఇళంగో సంచి పట్టుకుని వాకిట్లోకి వెళ్లాడు. మరగదం విభూతి పెట్టుకుని వస్తానని పూజగదిలోకి వెళ్లింది. అవతల జెసింత ఫోనును బల్లకు ఆనించి పెట్టి, పక్క మంచానికి పరిగెత్తింది. తెరకు ఆ చివర మామ, ఈ చివర కోడలు మిగిలారు.

ఆయన కళ్లు మూసుకుంటాడనుకుంది. మూసుకోలేదు. ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

'అమ్మా. నువ్వొక్కదానివేనా?'

ఆమె తలూపింది. మాస్కు లేదు, మంచు లేదు. ప్రతి మాటా ఎదురుగా కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది.

'డాక్టరు చెప్పాడు. ఇది చాలకపోతే... నిద్రమందు ఇచ్చి... గొంతులోకి గొట్టం దించుతారట. నిద్రపోతే... మళ్లీ లేవనేమో. నాకు వద్దు.'

కయల్ తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

'ఇళంగో సరే అంటాడు. వాణ్ని అననివ్వకు. మీ అత్తకు... ఇప్పుడే చెప్పకు.'

ఆమె తన గుండె మీద వేలు పెట్టుకుంది. నాకెందుకు చెబుతున్నారు?

ఆయన పెదాలు ఎడమవైపు కాస్త వంగాయి.

'నువ్వు మాట మార్చవు. పిండి అంటే పిండి అనే చెప్పావు.'

తెల్లటి చేతి తొడుగు ఒకటి తెరను కప్పేసింది. లైను తెగిపోయింది.

ఆమె ఇంకా తెరవైపే చూస్తుండగా ఇళంగో వాకిట్లోంచి వచ్చాడు. చేతిలో సంచి లేదు. ఫోను చెవికి ఆనించి ఉంది. ముఖంలో రంగు లేదు. ఒక్క చేత్తోనే ఆమెకు సైగలు చేశాడు: డాక్టరు. పొద్దున్నుంచి ఆక్సిజన్ పడిపోతోందట. గొట్టం వెయ్యాల్సి రావచ్చు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, వెంటనే చెప్పాలి.

పూజగదిలోంచి మరగదం వచ్చి, నుదుట విభూతితో, కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. "ఏమిట్రా? ఎవరు ఫోన్లో?"

ఇళంగో ఆగమన్నట్టు ఆమెకు చెయ్యి చూపాడు. అవతలి మాట వింటున్నాడు. విని, ఫోనును చెవి నుంచి దించి, కయల్‌కి స్పష్టంగా తెలిసేలా ఒక్కో మాటా విడదీసి పలికాడు.

"ఈ సంగతి నాన్నకు ముందే చెప్పారట. నాన్న ఏదో అన్నారట. డాక్టరుకి అర్థం కాలేదు. ఆయన మాట అర్థమయ్యే మనిషి మీ ఇంట్లో ఉన్నారని నర్సు చెప్పింది, ఆయనేమన్నారో అడిగి చెప్పండి అంటున్నాడు. కయల్, నాన్న నీతో ఏమైనా అన్నారా?"

మరగదం ఒక అడుగు ముందుకేసి కోడలి చెయ్యి పట్టుకుంది.

కయల్ నోరు తెరిచింది.